పసుపు మూలల కేటలాగు

మా ఊరికి రైలు లేదు. చిలకలూరిపేటకే లేదు, ఇక దాని పక్కనున్న మా ఊరికి ఎక్కడి నుంచి వస్తుంది? రైలెక్కాలంటే ముందు బస్సెక్కి నరసరావుపేటో గుంటూరో పోవాలి. అలాంటి ఊళ్ళో, మిర్చి కల్లాలకు కూతవేటు దూరంలో, ఒక డాబా ఇంటి వెనక గదిలో, పాత బొమ్మ రైళ్ల కేటలాగులు నాలుగు వందల పన్నెండు కంప్యూటర్‌లోకి ఎక్కి కూర్చున్నాయి. ఎక్కించినవాడు మా బావ వీరాంజనేయులు. మా అక్క కోటిరత్నం మొగుడు.

బొమ్మ రైళ్లు కాదు, కేటలాగులు. ఈ తేడా ముందే చెప్పకపోతే మీరూ నాలాగే మోసపోతారు. ఆయన దగ్గర ఒక్క బొమ్మ రైలు కూడా లేదు. ఎనభై తొంభై ఏళ్ల కిందట ఇంగ్లండులోనూ జర్మనీలోనూ బొమ్మల కంపెనీలు "మా దగ్గర ఈ ఇంజను ఉంది, ఈ పెట్టె ఉంది, ధర ఇంత" అని అచ్చేసి పంచిన పుస్తకాలు ఉంటాయే, అవి. భోజనం చెయ్యకుండా హోటలు మెనూ కార్డులు దాచుకునే మనిషిని ఏమంటాం? నేను పన్నెండేళ్లుగా అదే అంటున్నాను. ఆయన పన్నెండేళ్లుగా వినడం లేదు.

బావ మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమస్తా. ఇరవై ఆరేళ్ల సర్వీసు. రైతు తెచ్చిన మిర్చి టిక్కీలకు, అంటే బస్తాలకు, లాటు నంబరు వేసి, ఏ ఛాంబర్లో ఏ వరుసలో పెట్టారో రాసి, బస్తాకు చీటీ కట్టడం ఆయన పని. లక్ష టిక్కీలున్న గోడౌనులో కళ్ళు మూసుకుని మీ బస్తా దగ్గరకు నడిచిపోగలడు. ఈ జబ్బు ఇంటికి కూడా వచ్చింది. వాళ్ళ పెళ్ళికి చదివించిన స్టీలు బిందెల అడుగున ఇప్పటికీ లాటు నంబర్లు ఉంటాయి. ఎవరింటి బిందె ఎంత పల్చనో మా అక్క ఆ నంబర్లు చూసే చెబుతుంది.

ఈ కేటలాగుల పిచ్చి మొదలైంది మిరపకాయ బజ్జీతో. పేటలో క్రైస్తవ మిషన్ వాళ్ళ పాత బంగళా ఒకటి పడగొట్టినప్పుడు అటక మీది ట్రంకు పెట్టెలోని కాగితాలు తూకానికి పోయాయి. అవి బజ్జీల బండి జాన్ బాషా దగ్గరకు చేరాయి. బావ నాలుగు బజ్జీలు కొన్నాడు. తింటూ తింటూ కాగితం చూశాడు. నూనెలో తడిసిన ఆకుపచ్చ రంగు ఇంజను బొమ్మ, పక్కన దాని నంబరు, ఆ పక్కన పెట్టెల నంబర్లు, పట్టాల నంబర్లు, చివరికి గార్డు చేతిలోని జెండాకు కూడా ఒక నంబరు!

"బామ్మర్దీ, గార్డు జెండాకి కూడా నంబరేశార్రా!" అన్నాడు నాతో. ఆ గొంతు నాకింకా గుర్తుంది. లోకంలో తనలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని అప్పుడే తెలిసినవాడి గొంతు అది.

ఆ సాయంత్రమే జాన్ బాషా దగ్గరున్న కాగితాలన్నీ తెచ్చేశాడు. బదులుగా మా స్కూల్లో పాత ఆన్సర్ షీట్లు రెండు మూటలు ఇవ్వాల్సి వచ్చింది. నేను ఇంగ్లీషు మాస్టర్ని కాబట్టి ఆ త్యాగం నాది. కొన్నాళ్లపాటు పేటలో జనం మా పదో తరగతి పిల్లల వ్యాసాల్లో బజ్జీలు తిన్నారు.

తర్వాత మంగళగిరిలో ఏదో ఆఫీసు మూసేస్తుంటే పెద్ద స్కానర్ కొన్నాడు. మా మేనకోడలు తేజశ్రీది అక్కడే ఉద్యోగం, అదే వెబ్‌సైటు కట్టిపెట్టింది. వర్గీకరణ మాత్రం బావదే. ప్రతి కేటలాగుకూ లాటు నంబరు, ఛాంబరు, వరుస. స్కాన్ చేసేటప్పుడు అట్ట కింది కుడి మూలన లాటు చీటీ పెడతాడు, బస్తాకు కట్టినట్టే. నాణ్యతకు మిర్చి యార్డు మాటలే: డీలక్స్, మీడియం, తాలు. తాలంటే రంగు పోయిన కాయ. చిరిగి, రంగు వెలిసిన కేటలాగు కూడా బావ లెక్కలో తాలే. ఇప్పుడు ఇంగ్లండులో బొమ్మ రైళ్లు పోగేసే పెద్దమనుషులు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుంటూ "నా దగ్గరున్నది తాలు, మీ దగ్గర డీలక్స్ ఉందా?" అని అడుక్కుంటున్నారు. నా కళ్ళతో చూశాను కాబట్టి చెబుతున్నాను.

వాళ్ళకు బావ అంటే గురి కుదరడానికి కారణం వెబ్‌సైటులో ప్రతి కేటలాగు వివరాల్లోనూ ఉండే ఒక గడి. దాని పేరు "మరకలు". అందులో ఆయన ఏదీ దాచడు. మొట్టమొదటి కేటలాగుకు "పేజీ 14, మిరపకాయ బజ్జీ నూనె" అని రాశాడు. తుప్పు, టీ, చెదపురుగు తిన్న చిల్లులు, ఎవరో దోమను చంపిన గుర్తు, అన్నీ ఉంటాయి. అక్కడివాళ్ళు కేటలాగు కొనేముందు, అమ్మేముందు బావ పేజీ తెరిచి సరిచూసుకుంటారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, అది మా బావ కోసమే పుట్టింది. ఇంట్లో ఆయన్ను పిలిచినా పలకడని మా అక్క గిన్నెలు మోగిస్తుంటుంది.

ఇక అసలు కథ. లాటు 214.

రెండేళ్ల కిందట ఊటీలో ఒక పాత బొమ్మల కొట్టు మూసేస్తూ, ఆ ఓనరు బావ సంగతి విని ఒక కేటలాగు ఊరికే పంపాడు. 1934 నాటిది. ఆ ఏడాది కేటలాగు ప్రపంచంలో ఇంకెక్కడా దొరకలేదట. బావ దాన్ని స్కాన్ చేసి వెబ్‌సైటులో పెట్టాడు. "మరకలు: లేవు" అని రాశాడు. ఆరు నెలలు తిరక్కుండా ఇంగ్లండులో గగ్గోలు.

ఎందుకంటే అట్ట మూలల్లో పసుపుపచ్చటి చుక్కలున్నాయి. మూడు మూలల్లో ఉన్నాయి, నాలుగో మూల మీద బావ లాటు చీటీ ఉంది. వీరాంజనేయులు మరక లేదన్నాడంటే అది అచ్చులోదే అయ్యుండాలని అందరూ తేల్చేశారు. అక్కడి బొమ్మ రైళ్ల సంఘానికి పెద్ద హ్యూబర్ట్ అనే దొర. ఎనభై ఒక్కేళ్లవాడు. ఆయన పదకొండు పేజీల వ్యాసం రాశాడు. మూడు చుక్కలంటే ఇండియాకు పంపే ప్రత్యేక ప్రతులట. నాలుగో మూల ఖాళీగా వదలడం వెనక పన్నుల వ్యవహారం ఉందట. కింద ఇరవై మూడు ఫుట్‌నోట్లు. చదివి నేను కూడా నమ్మేశాను, ఫుట్‌నోట్లంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం.

మొన్న జనవరిలో ఆ సంఘం నుంచి మెయిల్ వచ్చింది. బావ వెబ్‌సైటును తమ అధికారిక భాండాగారంగా గుర్తించాలనుకుంటున్నారట. ఆ తర్వాత ఏ కేటలాగుపై తగువొచ్చినా వీరాంజనేయులు రాసిందే చివరి మాట. శనివారం మధ్యాహ్నం మూడింటికి వీడియో సమావేశం పెట్టి ఓటు వేస్తారు. బావ ఆ మెయిల్ ప్రింటు తీసి, దానికి కూడా లాటు నంబరు వేసి, జేబులో పెట్టుకుని తిరిగాడు. మనిషి నేల మీద నడవడం లేదు.

బుధవారం పొద్దున ఆయన వెనక గదిలోంచి కేక పెట్టాడు. "బామ్మర్దీ! రెండోది దొరికిందిరా! పసుపు మూలల కేటలాగు రెండోది!"

ఎవడో వేలానికి పెట్టాడు. తెర మీద ఫొటో ఉంది. మూడు మూలల్లో మూడు పచ్చటి చుక్కలు. మా అక్క కాఫీ గ్లాసులు పెట్టడానికి వచ్చి తెర వంక చూసింది. ఆ గదిలోకి రావడమే ఆమెకు అయిష్టం, అదొక సవతి ఇల్లు.

"ఇదెవరు పెట్టారు?" అంది.

"పెట్టడమేంటే? అచ్చులోనే వచ్చింది" అన్నాడు బావ.

"అచ్చులో పసుపొస్తుందా? ఇదసలు పసుపే కాదు, ఏదో రంగు. పసుపు ఇట్టా గుండ్రంగా నిలబడదు, అంచున పాకుద్ది. అయినా మూడు మూలలకి పెట్టి ఒకటి వదిలేశారేంటి, ఎవరో తెలివితక్కువ వాళ్ళు. నేను పెట్టినప్పుడు నాలుగింటికీ పెట్టాగా?"

బావ చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది. "నువ్వు... ఎప్పుడు పెట్టావ్?"

"ఊటీ నుంచి కొరియరొచ్చిన రోజు. నువ్వు డ్యూటీలో ఉన్నావ్. శుక్రవారం పూట ఇంటికి కొత్త పుస్తకం వస్తే పసుపెట్టి దేవుడి దగ్గర ఉంచా. నువ్వొచ్చి దేవుడి దగ్గర్నుంచే తీసుకుపోయావు కదయ్యా!"

బావ లేచి బీరువా తీసి లాటు 214 బయటకు తెచ్చాడు. కింది కుడి మూలన ఉన్న చీటీని రెండు వేళ్లతో మెల్లగా లేపాడు. దాని కింద, చక్కగా, మా అక్క వేలిముద్రతో సహా, నాలుగో చుక్క.

నవ్వితే చంపేసేలా ఉన్నాడు కాబట్టి నేను పెరట్లోకి పోయి నవ్వుకుని వచ్చాను.

తర్వాత ఆలోచిస్తే నవ్వు రాలేదు. దోమ మరకను కూడా వదలని మనిషికి ఆ పసుపు ఎందుకు కనబడలేదు? శుభలేఖ మూలన, కొత్త చీర కొంగున, గడప మీద, పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పసుపు. మా కంటికి అది కాగితంలో ఒక భాగం. నేనూ ఆ కేటలాగును పదిసార్లు చూశాను, నాకూ కనబడలేదు. ఇంగ్లండువాళ్ళకు మాత్రం అదొక్కటే కనబడింది.

"ఊరుకో బావా" అన్నాను. "ఆ దొర పదకొండు పేజీలు రాసుకున్నాడు. ఎనభై ఒక్కేళ్లు. ఇప్పుడు చెప్తే గుండాగిపోద్ది. నీ పదవీ పోద్ది. శనివారం దాకా తేలు కుట్టిన దొంగలా ఉండు."

"మరి మన ఫొటో చూసి మూడు మూలలకే రంగేసిన ఆ దొంగదాన్ని ఎవడో కొనుక్కుంటాడుగా?"

"కొనుక్కోనీ. నీదేం పోయింది?"

బావ లాటు 214 చీటీ వంక చూశాడు. "స్టోరేజీలో బయ్యరు బస్తా విప్పడు రా. నా చీటీ చూసి నమ్ముతాడు. చీటీ తప్పని తెలిశాక కూడా మార్చకపోతే ఇరవై ఆరేళ్లు నేను చేసిందేంటి?"

అని కంప్యూటర్ ముందు కూర్చుని "మరకలు" గడిలో "పసుపు" అని కొట్టాడు. కొట్టినవాడు కొట్టినట్టు ఊరుకోకుండా పైకి చదివాడు. అదీ ఆయన చేసిన తప్పు.

"మరకా?" అంది మా అక్క. "పసుపు మరకా? మన పెళ్లి శుభలేఖ మీదున్నది మరకేనా? నీ గడపకున్నది మరకేనా? చెప్పుకో, లోకమంతా చెప్పుకో, నేనే పెట్టానని చెప్పు, నాకేం భయం! కానీ మరక అన్నావంటే మాత్రం మర్యాదగా ఉండదు."

ఆ మధ్యాహ్నం కంచంలో తెల్లటి ముద్దపప్పు పడింది. సాయంత్రం రంగు వెలిసిన సాంబారు. పులిహోర అడిగితే వట్టి చింతపండు అన్నం. ఏమిటిదని బావ అడిగాడు.

"పసుపు వెయ్యలేదు. మరకలవుతాయి" అంది మా అక్క.

బావ గడిలోని మాట చెరిపేశాడు. "లేవు" అని మళ్ళీ రాయడానికీ చెయ్యి రాలేదు. ఆయన జన్మలో మొదటిసారి ఒక గడి ఖాళీగా మిగిలింది. అటు పన్నెండేళ్ల పేరు, ఇటు ఇల్లాలి మర్యాద, మధ్యలో ఉప్పు తప్ప రుచి లేని పప్పు. మనిషి మూడు రోజుల్లో సగమయ్యాడు.

శనివారం మూడింటికి తెర మీద తొమ్మిది మంది తెల్ల జుట్టు పెద్దమనుషులు ప్రత్యక్షమయ్యారు. మధ్యలో హ్యూబర్ట్. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పక్కన అనువాదానికి నేను. హ్యూబర్ట్ పొగడ్త మొదలుపెట్టాడో లేదో, బావ చెయ్యెత్తాడు.

"సార్, లాటు టూ ఫోర్టీన్. త్రీ కార్నర్స్ రాంగ్. ఫోర్ కార్నర్స్. ప్రింటింగ్ నాట్. మై వైఫ్."

తొమ్మిది ముఖాలూ కదలకుండా ఉండిపోయాయి. నెట్ ఆగిందేమో అనుకున్నాను. ఆగలేదు. నేను గొంతు సవరించుకుని జరిగింది మొత్తం ఇంగ్లీషులో చెప్పాను. కొరియరు, శుక్రవారం, చీటీ కింది నాలుగో చుక్క, వేలంలో ఉన్నది దొంగ సరుకని, అన్నీ. చెబుతున్నంతసేపూ హ్యూబర్ట్ దొర ముఖం చూడలేకపోయాను. పదకొండు పేజీలు, ఇరవై మూడు ఫుట్‌నోట్లు ఆ ముఖం మీదే కూలిపోతున్నాయి.

వాళ్ళలో ఒక సన్నటి మనిషి గట్టిగానే అన్నాడు. ముక్కు కింద ఉన్న పసుపు కనబడని మనిషి మాట రేపు మనమెలా నమ్ముతామని. బావ తల దించుకున్నాడు. ఆ మాట ఆయన తనకు తాను మూడు రోజులుగా చెప్పుకుంటున్నదే.

హ్యూబర్ట్ అడిగాడు, "అసలు అది ఏ పదార్థం?"

నేను జవాబు చెప్పేలోపే తలుపు దగ్గర నిలబడ్డ మా అక్క లోపలికి వచ్చింది, చేతిలో పసుపు డబ్బాతో. టేబుల్ మీదున్న నా కొత్త టీచర్ డైరీ లాక్కుంది. చిటికెడు పసుపు అరచేతిలో వేసుకుని, నీటి చుక్కతో తడిపి, ఉంగరం వేలితో నాలుగు మూలలా టకటకా పెట్టేసి, కెమెరా ముందు ఎత్తి పట్టుకుంది. ఇరవై మూడు ఫుట్‌నోట్లు కొట్టెయ్యడానికి ఆమెకు నాలుగు సెకన్లు పట్టాయి.

"ఎందుకు పెడతారు?" అన్నాడు హ్యూబర్ట్.

ఇరవై ఏళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నవాణ్ణి, శుభం అన్న మాటకు ఇంగ్లీషు దొరక్క నీళ్లు నమిలాను. బావే అందుకున్నాడు. "న్యూ థింగ్ కమింగ్ హోమ్, సార్."

"కొత్తదా? అది 1934లో అచ్చయింది కదా!"

అది అక్కకు చెప్పాను. ఆమె నా వంక కాదు, నేరుగా దొర వంక చూసి తెలుగులోనే అంది. "ఎప్పటిదైతే ఏం బాబూ? మా ఇంటికి ఆ రోజేగా వచ్చింది."

నేను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. హ్యూబర్ట్ కళ్ళజోడు తీశాడు. ముందు భుజాలు కదిలాయి, ఏడుస్తున్నాడేమో అని హడలిపోయాను. నవ్వుతున్నాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి, ఎవరో వచ్చి మంచినీళ్లిస్తే తాగి, కళ్ళు తుడుచుకున్నాడు. అరవై ఏళ్లుగా ఈ కాగితాలు పోగేస్తున్నామనీ, వాటి వయసు లెక్కపెట్టడమే తప్ప, ఇంటికి వచ్చిన కేటలాగును రమ్మని ఎవరూ పిలవలేదనీ అన్నాడు. సన్నటి మనిషి వైపు తిరిగి, "ఆయనకు కనబడలేదు, నిజమే. నాకు పదకొండు పేజీలు రాసినా కనబడలేదు. కానీ ఓటుకు ముందు చెప్పింది ఆయనే" అన్నాడు. ఆ మాట నేను బావకు తెలుగులో చెప్పాను. బావ మాత్రం నెట్ బిల్లు చూస్తున్నవాడిలా సీరియస్‌గా కూర్చున్నాడు.

ఓటు ఎనిమిదికి ఒకటి. లాటు 214 వివరాలు సరిదిద్దాలన్నది ఒక్కటే షరతు.

ఆ షరతే బావ పీక మీదికి వచ్చింది. ఎక్కడ సరిదిద్దాలి? చుక్కలు అచ్చులోవి కావని పైన ఎర్రక్షరాలతో రాశాడు, దొంగ సరుకును వేలంలోంచి తీసేశారు. "మరకలు" గడి మాత్రం ఖాళీగానే ఉంది. పసుపు అని రాస్తే ఇంట్లో అన్నం పుట్టదు. లేవు అని రాస్తే మొదటికొస్తుంది. పప్పు మాత్రం తెల్లగానే ఉడికింది, మూడు వారాలు. చుట్టపుచూపుగా వెళ్లి నేనూ రెండుసార్లు తిన్నాను, నా పాపానికి.

నాలుగో వారం మంగళవారం నాడు ఇంగ్లండు నుంచి పార్సెల్ వచ్చింది. హ్యూబర్ట్ ఆరేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడు వాళ్ళ నాన్న కొనిచ్చిన కేటలాగు. భాండాగారంలోనే ఉంచెయ్యమని రాశాడు. కింద ఇంకో వాక్యం: "మూలలు నాలుగూ ఖాళీగా ఉన్నాయి. అమ్మగారిని అడిగి చూడండి."

బావ కత్తెర తెచ్చాడు. అక్క పార్సెల్ లాక్కుంది.

"మంగళవారం విప్పుతావా? శుక్రవారం దాకా ఆగు" అంది, తీసుకెళ్లి బియ్యం డబ్బా మీద పెట్టింది.

అంతర్జాతీయ భాండాగార అధిపతి మూడు రోజులు ఆ బియ్యం డబ్బా చుట్టూ తిరిగాడు. శుక్రవారం పొద్దున అక్క తలస్నానం చేసి, పార్సెల్ విప్పి, నాలుగు మూలలా పసుపు పెట్టి, దేవుడి దగ్గర ఉంచి, దణ్ణం పెట్టుకుని, అప్పుడు ఇచ్చింది. బావ దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. వెనక గదిలోకి వెళ్లి స్కాన్ చేశాడు. ఈసారి చీటీ మూలన పెట్టలేదు, పక్కన పెట్టాడు. తర్వాత చాలాసేపు టకటక చప్పుడు వినిపించింది.

"ఏమే, ఇట్రా" అని పిలిచాడు.

అక్క చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. వెనక నేను. నాలుగు వందల పదమూడు లాట్లకూ ఒక కొత్త గడి పెట్టాడు. ముందు లాటు 214 చూపించాడు, తర్వాత దొరది. అక్క వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, రెండోది పైకి చదివింది.

"మరకలు: పేజీ 9, జామ్. పసుపు: నాలుగు మూలలా, కోటిరత్నం."

అటు నుంచి అటే వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం పప్పు పచ్చగా ఉంది.